పైన ధర, కింద సంపాదన

మన లెక్కలు – 6వ భాగం

పోయిన వారం సీపీఎస్ మీద రాసిన భాగం చదివి ముగ్గురు నలుగురు మిత్రులు ఇన్‌బాక్స్‌లోకి వచ్చారు. అందరిదీ దాదాపు ఒకే మాట. "అక్కా, నువ్వు సాహిత్యం చెప్పుకునేదానివి, ఉద్యమంలో ఉన్నదానివి. నీకీ షేర్ మార్కెట్ గొడవ ఎందుకు? అది వాళ్ళ ఆట. మనకి సంబంధం లేదు."

సంబంధం ఉందో లేదో ముందు తేల్చుకుందాం. 2004 సెప్టెంబరు 1 తర్వాత ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన నాలాంటి వాళ్ళకి నెల నెలా బేసిక్ మీదా డీఏ మీదా పది శాతం కోత పడుతుంది. ఆ డబ్బులో కొంత షేర్లలోకి వెళ్తుంది. మమ్మల్ని అడిగి వెళ్ళదు. రిజర్వేషన్ వల్ల ఇంటిల్లిపాదిలో మొదటిసారి నెల జీతం కళ్ళ చూసిన వాళ్ళం మేం. మా ముసలితనపు కూడు ఆ మార్కెట్‌లో కొంత ఉంది. పాత పెన్షన్ కోసం ధర్నా చేద్దాం, చేస్తూనే ఉన్నాం. ధర్నా టెంటు కింద కూర్చున్నప్పుడు కూడా ఆ డబ్బు ఎక్కడుందో తెలియడం మంచిదే కదా.

రెండో సంబంధం మా పిల్లలు. ఈ మధ్య ఫైనల్ ఇయర్ కుర్రాడొకడు స్టాఫ్ రూమ్ బయట నిలబడి, అందరూ వెళ్ళిపోయాక లోపలికొచ్చాడు. తండ్రి తాపీ పని. స్కాలర్‌షిప్ డబ్బులూ, అక్క చీటీ పాడి ఇచ్చిన డబ్బులూ కలిపి 40,000 ఆప్షన్స్‌లో పెట్టాడు. ఏదో టెలిగ్రామ్ చానల్ వాడు "ఇది పక్కా కాల్" అన్నాడట. రెండు వారాల్లో 3,000 మిగిలింది. వాడు నా దగ్గర ఏడవడానికి రాలేదు. నేను పీఈ రేషియో గురించి క్లాసులో ఒకసారి మాటల్లో చెప్పానని గుర్తుపెట్టుకుని వచ్చాడు. "మేడమ్, ఆప్షన్ కొనేటప్పుడు పీఈ ఎంత ఉంటే కొనచ్చు?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకి జవాబు చివర్లో చెప్తాను. జవాబు అర్థం కావాలంటే ముందు పీఈ అంటే ఏంటో తెలియాలి.

లెక్క చాలా చిన్నది. ఒక షేరు ధరని, ఆ షేరు వంతుకి కంపెనీ ఏడాదిలో సంపాదించిన లాభంతో భాగించాలి. పైన ధర, కింద సంపాదన. కంపెనీ లాభం 100 కోట్లు, షేర్లు 10 కోట్లు అనుకోండి. ఒక్కో షేరు వంతు 10 రూపాయలు. దీన్ని ఈపీఎస్ అంటారు. ఆ షేరు మార్కెట్‌లో 200కి దొరుకుతుంటే, 200ని 10తో భాగిస్తే 20. అదే పీఈ. అంటే, లాభం ఇంతే ఇలాగే వస్తూ ఉంటే, నువ్వు పెట్టిన డబ్బుకి సరిపడా సంపాదన రావడానికి 20 ఏళ్ళు పడుతుందన్నమాట. ఆ లాభమంతా నీ చేతికి రాదు. కంపెనీ కొంత డివిడెండ్‌గా పంచుతుంది, కొంత తన దగ్గరే ఉంచుకుని వ్యాపారంలో పెడుతుంది. కానీ లెక్క లెక్కే.

దీనివల్ల వెంటనే ఒక మేలుంది. మన పిల్లలు చాలామంది 10 రూపాయల షేరు "చీప్" అనుకుంటారు, 2,000 రూపాయల షేరు "కాస్ట్‌లీ" అనుకుంటారు. 10 రూపాయల షేరు వంతుకి లాభం 10 పైసలే అయితే దాని పీఈ 100. 2,000 రూపాయల షేరు వంతుకి 200 వస్తుంటే దాని పీఈ 10. ఏది చవకో ఇప్పుడు చెప్పండి. ధర ఒక్కటే చూసి ఏదీ చెప్పలేం. ఆ ధరకి ఏం వస్తోంది అని అడగాలి.

ఇది వాల్ స్ట్రీట్ వాళ్ళు కనిపెట్టిన విద్యలా చెప్తారు గానీ, పశువుల సంతకి వెళ్ళిన ఏ ఆడమనిషికైనా ఇది తెలుసు.

డ్వాక్రా గ్రూపు అప్పుతో మా అమ్మ గేదెని కొన్నప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. సంతకి నన్నూ తీసుకెళ్ళింది. గేదె నల్లగా నిగనిగలాడుతూ ఉంది, పొదుగు నిండుగా ఉంది. నాకు చూడగానే నచ్చేసింది. మా అమ్మ ధర అడగలేదు.

"ఎన్నో ఈత అయ్యా?"

"రెండోది."

"పూటకి ఎన్నిస్తది?"

"మూడు లీటర్లకి తగ్గదు. వచ్చే ఈతకి నాలుగిస్తది. ఏమే, కొనే బేరమేనా?"

మా అమ్మ "ఏమే"ని పట్టించుకోనట్టు గేదె నోరు తెరిచి పళ్ళు చూసింది. తర్వాత పొదుగు మీద చెయ్యి వేసి అడిగింది. "రాత్రి పితికారా అయ్యా?"

అతను వేరే వైపు చూశాడు. సంతకి తెచ్చే ముందు పూట పాలు పితక్కుండా వదిలేస్తే పొదుగు నిండుగా కనపడుతుంది. రెండు పూటల పాలు ఒక పూట పాలలా కనిపిస్తాయి. మా అమ్మ, "రేపు పొద్దునా సాయంత్రం మీ ఇంటికాడికి వస్తాను, నా ముందర పితికి చూపించండి, అప్పుడు ధర మాట్లాడుకుందాం" అంది. రెండు పూటలూ కలిపి నాలుగున్నరే వచ్చాయి. అప్పుడు బేరమాడి 12,000కి కొంది.

ఆ సంతలో మా అమ్మ అడిగిన ప్రశ్నలన్నీ కింద ఉన్న అంకె గురించే. ఎన్నో ఈత అంటే, ఈ సంపాదన ఇంకా ఎన్నేళ్ళు ఉంటుంది అని. రాత్రి పితికారా అంటే, ఈ సంపాదన నిజమేనా, చూపించడానికి నింపిందా అని. "వచ్చే ఈతకి నాలుగిస్తది" అన్న మాటకి ఆమె ఒక్క రూపాయి కూడా ఎక్కువ కట్టలేదు. మార్కెట్‌లో దీన్నే ఫార్వర్డ్ పీఈ అంటారు. రాబోయే ఏడాది లాభాన్ని అంచనా వేసి దాంతో భాగిస్తారు. అంచనా పెద్దదైతే పీఈ చిన్నగా కనపడుతుంది, షేరు చవకగా కనపడుతుంది. ఇప్పటిదాకా వచ్చిన లాభంతో కట్టే పీఈ వేరు, రాబోతుందని చెప్పే లాభంతో కట్టే పీఈ వేరు. యూట్యూబ్‌లో ఎవరైనా "పీఈ పదిహేనే" అంటే ఏ లాభంతో కట్టావు అని అడగాలి.

ఇప్పుడు ఆ గేదె మా పేటకి వచ్చాక ఏమైందో చెప్పాలి. పీఈ గురించి ఏ పుస్తకంలోనూ లేని సంగతి నేను అక్కడే నేర్చుకున్నాను.

ఊళ్ళో వాడిక పాలకి అప్పుడు లీటరు 10 రూపాయలు. పాల కేంద్రంలో పోస్తే 7. ఊళ్ళో ఇంటింటికీ వాడిక పోసేవాళ్ళు ఎవరో మీకు చెప్పక్కర్లేదు. మా పేట గేదె పాలు ఊళ్ళో ఏ ఇంట్లోనూ గిన్నెలోకి వెళ్ళవు. కాబట్టి మా అమ్మ తెల్లారకముందే లేచి రెండు కిలోమీటర్లు నడిచి కేంద్రంలో పోసేది. అక్కడ మిషన్ వెన్న శాతం చూస్తుంది, అది కులం చూడదు. ఆ మేరకు ఆ మిషన్‌కి దండం పెట్టచ్చు. కానీ ధర 7.

లెక్క వేద్దాం. ఇంటికి వాడుకోగా రోజుకి నాలుగు లీటర్లు, పాలిచ్చే 250 రోజులు. మొత్తం 1,000 లీటర్లు. తవుడు, చెక్క, గడ్డి, మందులు కలిపి ఏడాదికి 4,000 ఖర్చు. ఊళ్ళో వాళ్ళ గేదె అయితే 10,000 వస్తుంది, ఖర్చు పోను 6,000 మిగులుతుంది. మా గేదెకి 7,000 వస్తుంది, ఖర్చు పోను 3,000. గేదె ధర ఇద్దరికీ 12,000. వాళ్ళకి రెండేళ్ళలో డబ్బు తిరిగొస్తుంది. మాకు నాలుగేళ్ళు. వాళ్ళ గడ్డి సొంత పొలంలోది, మాది కొన్న గడ్డి అన్న సంగతి ఇందులో కలపలేదు. మా అప్పు మీద వడ్డీ కూడా కలపలేదు.

అదే గేదె. అవే పాలు. వెన్న శాతం కూడా అదే. వాళ్ళ దగ్గర పీఈ 2, మా దగ్గర 4.

ఇందులో ఇంకో సంగతి ఉంది. మాకు ధర 30 శాతమే తగ్గింది. మిగులు మాత్రం సగానికి సగం పోయింది. ఎందుకంటే గేదె తిండి తగ్గదు. రాబడి కాస్త తగ్గినా ఖర్చు అంతే ఉంటే, దెబ్బంతా మిగులు మీద పడుతుంది. కంపెనీలదీ ఇదే కథ. అమ్మకాలు కొంచెం తగ్గాయని వార్త వస్తే షేరు అంతలా ఎందుకు పడుతుందని పిల్లలు అడుగుతుంటారు. పెద్ద పెద్ద స్థిర ఖర్చులున్న కంపెనీకి అమ్మకాలు పది శాతం తగ్గితే లాభం సగం పోవచ్చు. నిన్న 15 ఉన్న పీఈ, ధర కదలకపోయినా 30 అవుతుంది.

అంటే సంపాదన అనేది వస్తువులో మాత్రమే ఉండదు. ఆ వస్తువుని ఎవరు అమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు, ఎవరిని బజారులోకి రానిస్తున్నారు అన్నదాంట్లో కూడా ఉంటుంది. ఈ మాట మా అమ్మకంటే ముందే, మార్కెట్ లోపలే నిలబడి అనుభవించిన మనిషి ఒకాయన ఉన్నారు. మూడో సంబంధం ఆయనే.

బాబాసాహెబ్ అంబేద్కర్ షేర్ల మీద సలహాలిచ్చే సంస్థ నడిపారని మనలో ఎంతమందికి తెలుసు? 1917లో లండన్ నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. అక్కడ అద్దెకి గది కూడా దొరకనివ్వకుండా చేసిన అవమానం మీకు తెలిసిందే. బొంబాయి తిరిగొచ్చాక బతుకుతెరువు కోసం చేసిన పనుల్లో అదొకటి. స్టాకులు, షేర్లు కొనేవాళ్ళకి సలహాలివ్వడం. కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివిన మనిషి. ఈస్టిండియా కంపెనీ ఆర్థిక వ్యవహారాల మీద థీసిస్ రాసిన మనిషి. ఖాతాదారులు వచ్చారు. ఆయన కులం తెలిశాక రావడం మానేశారు. సంస్థ మూతపడింది. 1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరితే, స్టాఫ్ రూమ్ కుండలో నీళ్ళు తాగకూడదని తోటి ప్రొఫెసర్లే అభ్యంతరం పెట్టారు.

సలహాలో తప్పు దొరికి ఖాతాదారులు పోలేదు. సలహా నిన్న ఎంత పనికొచ్చేదో ఇవాళా అంతే పనికొస్తుంది. ఇచ్చినవాడి కులం తెలిసింది, అంతే. మా గేదె పాలకి జరిగిందే ఆయన చదువుకీ జరిగింది. అక్కడితో ఆగిపోకుండా ఆయన మళ్ళీ లండన్ వెళ్ళి, 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చు వేశారు. రూపాయి విలువని బంగారంతోనో పౌండుతోనో కొలిచి ఊరుకుంటే చాలదు, సామాన్యుడు ఆ రూపాయితో ఏం కొనగలుగుతున్నాడన్నది చూడాలన్నది అందులో ఆయన వాదానికి ఆయువుపట్టు. రేటు వేరు, విలువ వేరు. మనకి డబ్బు లెక్కలతో సంబంధం లేదనేవాళ్ళు ఆ పుస్తకాన్ని ఏం చేయాలనుకుంటున్నారో చెప్పాలి.

ఆయన కొలంబియాలో అడుగుపెట్టింది 1913లో. అప్పుడు అక్కడే డిగ్రీ చివర్లో ఉన్న ఇంకో కుర్రాడు బెంజమిన్ గ్రాహమ్. లండన్ నుంచి న్యూయార్క్ వలసొచ్చిన యూదుల బిడ్డ. చిన్నప్పుడే తండ్రి పోయాడు, 1907 మార్కెట్ సంక్షోభంలో తల్లి దాచుకున్న డబ్బు పోయింది. షేరు విలువ కట్టడం గురించి ఇవాళ ప్రపంచమంతా చదివే పుస్తకాలు రాసింది ఈయనే. 1949లో వచ్చిన "ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్"లో, జాగ్రత్తపరుడు షేరు కొనేటప్పుడు పీఈ 15 దాటకూడదన్నాడు. అదీ ఒక్క ఏడాది లాభంతో కాదు, గత మూడేళ్ళ లాభాల సగటుతో కట్టమన్నాడు. అందరూ 15 గుర్తుపెట్టుకున్నారు, మూడేళ్ళ సగటుని మర్చిపోయారు. అసలు తెలివి ఆ సగటులో ఉంది.

ఎందుకో చూడండి. ఈనిన కొత్తలో గేదె పాలు ఎక్కువిస్తుంది. ఆ నెల పాలని పన్నెండుతో హెచ్చవేసి ఏడాది సంపాదన ఇంత అంటే మునిగిపోతాం. ఉక్కు, సిమెంటు, చక్కెర లాంటి వ్యాపారాలకి మంచికాలం, చెడ్డకాలం అలలు అలలుగా వస్తాయి. మంచికాలం పతాక స్థాయిలో ఉన్నప్పుడు లాభం భారీగా ఉంటుంది కాబట్టి పీఈ 5 అనో 6 అనో కనిపిస్తుంది. చవక అనుకుని కొంటాం. ఏడాదికల్లా లాభం ఆవిరవుతుంది. అలాగే ఒక కంపెనీ పాత స్థలం అమ్మేస్తే ఆ డబ్బు కూడా ఆ ఏడాది లాభంలో కలుస్తుంది. దూడని అమ్మిన డబ్బుని పాల డబ్బులో కలిపి చెప్పడం లాంటిది అది. దూడని ప్రతి ఏడాదీ అమ్మలేం.

అలాగని పీఈ ఎక్కువ ఉన్నదల్లా మోసమూ కాదు. మా కాలేజీ దగ్గర 60 లక్షల ఇల్లు నెలకి 15,000 అద్దె తెస్తుంది. ఏడాదికి 1,80,000. భాగిస్తే 33. గేదెకి 4, ఇంటికి 33. ఇల్లు కొనేవాడు పిచ్చివాడా? కాదు. గేదె నాలుగైదు ఈతలకి వట్టిపోతుంది, ఇల్లు ఉంటుంది, అద్దె పెరుగుతుంది, స్థలం ధర పెరుగుతుందని ఆశ ఉంటుంది. సబ్బులూ పేస్టులూ అమ్మే హిందుస్థాన్ యూనిలీవర్ పీఈ ఇటీవలి ఏళ్ళలో చాలా కాలం 50 పైనే ఉంది. కోల్ ఇండియాది చాలా కాలం 10 లోపే. జనం సబ్బు కొనడం మానరని ఒక నమ్మకం, బొగ్గు రోజులు ఎప్పుడో ఒకప్పుడు అయిపోతాయని ఇంకో నమ్మకం. పీఈలో ఉన్నది సంపాదన ఒక్కటే కాదు, ఆ సంపాదన నిలబడుతుందని లోకం పెట్టుకున్న నమ్మకం కూడా. అందుకే సబ్బు కంపెనీని బొగ్గు కంపెనీతో పోల్చి ఇది చవక, అది ప్రియం అనకూడదు. గేదెని గేదెతో, ఇంటిని ఇంటితో పోల్చాలి.

ఇక పొదుగు నింపి సంతకి తేవడం. ఈ దేశంలో ఆ పని అందరికంటే పెద్దగా జరిగింది మన హైదరాబాద్‌లోనే.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకి ఉత్తరం రాశారు. లెక్కల్లో బ్యాంకు నిల్వలుగా చూపించిన 5,361 కోట్లలో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే చెప్పారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకి నిర్వహణ లాభం 649 కోట్లని చూపించారు, నిజానికి వచ్చింది 61 కోట్లు. ఆ ముందు రోజు షేరు ధర 179 రూపాయల దగ్గర ఉంది. ఉత్తరం బయటికొచ్చిన రోజు 40కి పడిపోయింది.

ఆ ముందు రోజు ఎవరైనా పీఈ కట్టి ఉంటే ఎంత వచ్చేది? 2007-08లో కంపెనీ చూపించిన లాభం ప్రకారం ఒక్కో షేరు వంతు సుమారు 25 రూపాయలు. 179ని 25తో భాగిస్తే 7. ఐటీ కంపెనీ 7కి దొరకడమంటే పండగే అనిపిస్తుంది. నిజం లాభం చూపించిన దాంట్లో పదో వంతే అయితే ఆ 7 కాస్తా 70 అవుతుంది. భాగహారంలో తప్పు లేదు. పైన ధర కూడా నిజమే. కింద అంకె అబద్ధం. ఆడిటర్లు సంతకాలు పెట్టారు, బోర్డులో పేరున్న పెద్దలున్నారు, అంతకు కొద్ది నెలల ముందే మంచి కార్పొరేట్ పాలనకి అవార్డు కూడా వచ్చింది. "రాత్రి పితికారా?" అని అడిగి, బ్యాంకుకి వెళ్ళి ఆ 5,000 కోట్లు ఉన్నాయో లేదో చూసినవాడు ఒక్కడూ లేకపోయాడు.

అబద్ధం లేకుండా కూడా అంకె మారిపోతుంది. 2021 మార్చి ఆఖరులో నిఫ్టీ 50 సూచీ పీఈ 40 దగ్గర ఉంది. ఒక్క రోజులో 33కి వచ్చింది. మార్కెట్ కుప్పకూలలేదు. అప్పటిదాకా మాతృసంస్థ లాభాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకునేవాళ్ళు. ఆ రోజు నుంచి అనుబంధ సంస్థల లాభాల్నీ కలిపి లెక్కకట్టడం మొదలుపెట్టారు. కింద అంకె పెరిగింది, పీఈ తగ్గింది. పాత నిఫ్టీ పీఈనీ ఇప్పటి పీఈనీ పక్కపక్కన పెట్టి చార్టు గీసి "చరిత్రలో ఇది చవక" అని చెప్పేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

ఇదంతా మదుపు చేసేవాడి వైపు నుంచి చూసింది. ఉద్యమంలో ఉన్నవాళ్ళం ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. లాభం అంటే రాబడిలోంచి ఖర్చు తీసేస్తే మిగిలేది. ఆ ఖర్చులో జీతాలున్నాయి. పర్మినెంట్ స్వీపర్‌ని తీసేసి కాంట్రాక్టు మీద మన వదినని పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది, లాభం పెరుగుతుంది, పీఈ "ఆకర్షణీయంగా" కనిపిస్తుంది. డెలివరీ కుర్రాడికి పీఎఫ్ లేకుండా చేస్తే కూడా అంతే. లాభం ఎలా వచ్చిందో పీఈ చెప్పదు. అది చెప్పడానికి పుట్టిన అంకె కాదు. కానీ మనం యూనియన్‌లో మాట్లాడేటప్పుడు కంపెనీ బ్యాలెన్స్ షీట్ చదవడం వస్తే, "మా దగ్గర డబ్బుల్లేవు" అని యాజమాన్యం అన్నప్పుడు ఏ పేజీ తెరవాలో తెలుస్తుంది. లిస్టయిన కంపెనీలు తమ లెక్కలు మూడు నెలలకోసారి బయటపెట్టాల్సిందే. ఎవరైనా చూడచ్చు. దానికి కులం సర్టిఫికెట్ అడగరు.

ఇప్పుడు ఆ కుర్రాడి ప్రశ్న. ఆప్షన్ కొనేటప్పుడు పీఈ ఎంత ఉంటే కొనచ్చు?

ఆప్షన్‌కి పీఈ ఉండదు నాన్నా. ఎందుకంటే దానికి సంపాదన లేదు. షేరు కొంటే ఒక వ్యాపారంలో చిన్న ముక్క నీదవుతుంది. ఆప్షన్ కొంటే నీ చేతికొచ్చేది ఫలానా తేదీలోగా ఫలానా ధరకి కొనే హక్కో, అమ్మే హక్కో. ఆ తేదీ దాటితే అది చిత్తుకాగితం. అది పాలివ్వదు, ఈనదు, అద్దె తేదు. నువ్వు గెలిచిన రూపాయి అవతల ఇంకొకడు పోగొట్టుకున్న రూపాయి. మధ్యలో బ్రోకరు, ఎక్స్ఛేంజి, పన్నులు తమ వాటా తీసుకుంటాయి. కింద అంకె సున్నా అయినప్పుడు దేనితో భాగిస్తావు?

2024 సెప్టెంబరులో సెబీ బయటపెట్టిన అధ్యయనం చూడండి. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓలో ఆడిన మామూలు మదుపరులు కోటి మంది పైనే. అందులో 93 శాతం మంది నష్టపోయారు. సగటున ఒక్కొక్కరికి 2 లక్షల దాకా. మొత్తం కలిపి 1,80,000 కోట్ల పైన. వాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది ఏడాది ఆదాయం 5 లక్షల లోపేనని చెప్పినవాళ్ళు. 2023-24లో ఆడినవాళ్ళలో 43 శాతం మంది 30 ఏళ్ళ లోపు పిల్లలు. అవతలి వైపు లాభపడింది కంప్యూటర్ ప్రోగ్రాములతో ఆడే విదేశీ సంస్థలు, బ్రోకరేజీ సంస్థల సొంత ఖాతాలు. తాపీ మేస్త్రీ కొడుకు ఫోన్లో వేలితో నొక్కి వాళ్ళతో పోటీ పడుతున్నాడు. ఆ చానల్ వాడికి మాత్రం ప్రతి నెలా చందా వస్తుంది. ఈ వ్యవహారంలో నికరమైన సంపాదన ఉన్నది వాడికే.

నేను ఎవర్నీ షేర్లు కొనమని చెప్పడం లేదు. ఇంటి మీద అప్పున్నవాళ్ళు, ఆరు నెలల ఖర్చుకి డబ్బు పక్కన లేనివాళ్ళు ఆ వైపు చూడక్కర్లేదు. ఫీజు డబ్బు ఫీజుకే, అక్క చీటీ డబ్బు అక్కకే. కానీ రేపు మీలో చాలామంది ఉద్యోగాల్లో చేరతారు. పీఎఫ్ ఉంటుంది, ఎన్‌పీఎస్ ఉంటుంది, మ్యూచువల్ ఫండ్ అమ్మేవాడు వస్తాడు. అప్పుడు ఎవరో చెప్పారని సంతకం పెట్టకుండా నాలుగు ప్రశ్నలు అడగండి.

ఇది ఏం సంపాదిస్తోంది? సంపాదన లేదంటే, అక్కడితో ఆపేయండి.

ఆ సంపాదన జరిగిపోయిందా, జరగబోతుందా? ఒక్క ఏడాదిదా, నాలుగైదేళ్ళదా?

ఆ అంకె ఎవరు రాశారు? లాభం కాగితం మీదే ఉందా, బ్యాంకులోకి కూడా వచ్చిందా?

ఎవరి కడుపు మాడ్చితే ఆ లాభం వచ్చింది? ఇలా ఎన్నేళ్ళు నిలబడుతుంది?

ఈ నాలుగూ అడిగాక కూడా పొరపడచ్చు. పీఈ ఒక మొదటి ప్రశ్న మాత్రమే, తీర్పు కాదు. అప్పులెంత, వ్యాపారం ఏంటి, నడిపేవాళ్ళెవరు అన్నవి దాని వెనకే రావాలి. అయినా ధర ఒక్కటే చూసి ఎగబడే బజారులో, కింద అంకె ఏంటని అడిగి నిలబడేవాణ్ణి మోసం చెయ్యడం కొంచెం కష్టం.

తరతరాలుగా మన ధర వేరేవాళ్ళు చెప్పారు. మన పనికి, మన పాలకి, మన చదువుకి ధర కట్టింది వాళ్ళే. లెక్క అడిగే హక్కు కూడా మనకి లేకుండా చేశారు. భాగహారం అయిదో తరగతిలో నేర్పేస్తారు. దాన్ని వాడుకోవడం మన చేతిలో ఉంది.

వచ్చే ఆదివారం డ్వాక్రా వడ్డీ లెక్కలు. మీ గ్రూపు పాస్‌బుక్ ఫొటోలు పంపమని అడిగాను కదా, ఇంకా పంపనివాళ్ళు పంపండి. పేర్లు కనపడకుండా చెరిపేసి పంపండి.

జై భీమ్.